పొదుగువాపుకు సూది వేసిన గేదె పాలు ఎక్కడికి పోతున్నాయి?

సంపాదకుల వారికి,

పాలు సరిగ్గా తోడుకోవడం లేదని మా చీపురుపల్లి వైపు టిఫిన్ హోటళ్ల వాళ్లు, ఇళ్లలో ఆడవాళ్లు అప్పుడప్పుడూ అంటుంటారు. చలికాలమనో, తోడు పాతదనో ఎవరికి తోచింది వాళ్లు సరిపెట్టుకుంటారు. ఇంకో కారణం కూడా ఉండొచ్చు, దాన్ని ఎవరూ పైకి అనరు. పాలలో యాంటీబయోటిక్ మిగిలి ఉంటే తోడులోని సూక్ష్మజీవులు పెరగవు, పెరుగు పేరుకోదు. కాచినంత మాత్రాన ఆ మందు పోదు. ఊళ్లో పాల కేంద్రం చూసుకునే వాడిని కాబట్టి అది క్యానులోకి ఎలా చేరుతుందో నాకు తెలుసు.

గేదెకు పొదుగువాపు వస్తుంది. చన్ను గట్టిపడి, పాలు తరకలు తరకలుగా వస్తాయి. ఆ సాయంత్రానికే ఎవరో ఒకరు వచ్చి యాంటీబయోటిక్ సూది వేసి వెళతారు. ఆ పశువు పాలు ఎన్నాళ్లు వాడకూడదో మందు మీద రాయాలని, ఆ మందుకు గడువు ఇంతని తేల్చి ఉండకపోతే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలని 2012 నుంచి ఔషధ నిబంధనల్లో ఉంది. ఆ సంగతి సూది వేసినవారు చెప్పరు. ఖాళీ సీసా, పెట్టె వాళ్ల సంచిలోనే వెళ్లిపోతాయి. పోనీ నేను చెబుదామంటే, "వారం దినాలు పాలు పారబోస్తే డబ్బులు మాకెవులిస్తారు బాబూ?" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. కేంద్రంలో మేం చూసేది వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) మాత్రమే. మందు అవశేషం ఉందో లేదో చెప్పే పరీక్ష పట్టీలు మార్కెట్లో ఉన్నా, మా పాలు కొనే డెయిరీ వాటిని మా వరకు పంపలేదు.

మూలికా వైద్యం అవసరం ఇక్కడే ఉంది. దీని గురించి మాట్లాడేవాళ్లలో కొందరు తాతల నాటి విజ్ఞానమని చేతులు జోడిస్తారు, కొందరు ఆకులూ అలములూ అని తీసిపారేస్తారు. పాడి రైతుకు ఈ తగవుతో పనిలేదు. సూది పడకుండా పొదుగు నయమైతే ఆ వారం పాలు పారబోయక్కర్లేదు, దొంగతనంగా క్యానులో కలపక్కర్లేదు. అంతే లెక్క.

జాతీయ పాడి అభివృద్ధి మండలి కొన్నేళ్లుగా ప్రచారం చేస్తున్న పొదుగువాపు మందు ఒకటుంది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి నూరితే దిష్టినీళ్ల రంగులో ఎర్రటి ముద్ద వస్తుంది. పొదుగు కడిగి, పాలు పూర్తిగా పిండేసి, ముద్దలో కొంత తీసి నీళ్లతో పలచన చేసి పొదుగంతా పూయాలి. రోజుకు 10 సార్లు, 5 రోజులు. తమిళనాడుకు చెందిన ఆచార్య పున్నియమూర్తి, బెంగళూరుకు చెందిన ఆచార్య బాలకృష్ణన్ నాయర్ లాంటి పరిశోధకులు ఇటువంటి పూర్వపు మందులను కొలతలతో సహా వాడుకలోకి తెచ్చారు.

మందు బాగానే ఉంది, చిక్కంతా ఆ 10 సార్లలో ఉంది. పాడి చూసేది మన పల్లెల్లో ఎక్కువగా ఆడవాళ్లు. పొద్దున్నే పాలు పోసి ఉపాధి పనికో, ఊడ్పులకో పోయే మనిషి గంటకోసారి పొదుగు కడిగి పూయగలదా? పైగా ఏ రోజు ముద్ద ఆ రోజే నూరాలి. 5 రోజులకు కిలోంపావు కలబంద కావాలి, ఊరంతా వెతికితే ఏ గుమ్మం ముందో రెండు కుండీలు కనిపిస్తాయి. ఇవేవీ చూడకుండా ఒకరోజు శిక్షణ పెట్టి, కరపత్రాలు పంచి, ఫొటో దిగి వెళ్లిపోతే రైతు మళ్లీ సూది కోసమే ఫోన్ చేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం.

మన జిల్లాల్లో ప్రకృతి వ్యవసాయం చేసే మహిళా సంఘాలు పైర్లకు నీమాస్త్రం (వేపతో చేసే పురుగుల మందు), కషాయాలు తయారుచేసి అమ్ముతున్నాయి. పాల కేంద్రం పక్క సెంటు భూమిలో కలబంద వేసి, పూటపూటకూ ముద్ద నూరి ఇచ్చే పని అదే సంఘాలకు అప్పగించి, కూలి డెయిరీ కడితే సరిపోతుంది. డెయిరీకి ఇది పెద్ద ఖర్చు కాదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. జ్వరంతో మేత మానేసిన గేదెను పసుపు ముద్దతో కూర్చోబెట్టడం దాని ప్రాణంతో ఆడుకోవడమే. గొంతువాపుకు (గురక వ్యాధికి) వానలకు ముందు టీకా వేయించాలి, వచ్చాక డాక్టరు ఇచ్చే యాంటీబయోటిక్ తప్పదు. అసలు పొదుగువాపు రాకుండా చూసుకోవడం అన్నిటికన్నా చవక. పాలు తీశాక చన్ను రంధ్రం వెంటనే మూసుకోదు, కాబట్టి అరగంట పాటు పశువు బురదలో పడుకోకుండా ముందు ఇంత గడ్డి వేస్తే చాలు.

కోళ్ల సంగతి ఇంకోలా ఉంది. బ్రాయిలర్ షెడ్డు రైతుదే కానీ పిల్ల, మేత, మందు అన్నీ కంపెనీవి. బస్తాలో ఏం కలిసిందో పెంచేవాడికే తెలియదు. ఎదుగుదల కోసం మేతలో యాంటీబయోటిక్ కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006 జనవరి నుంచి నిషేధించింది. మనుషులకు ఆఖరి ఆయుధంలా దాచుకోవలసిన కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ను పశువులకు, కోళ్లకు, చేపలకు వాడకూడదని మన కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో ఆదేశించింది. యాంటీబయోటిక్‌ల బదులు వాము, వెల్లుల్లి, పసుపు లాంటివి మేతలో కలపడంపై చాలా పరిశోధన జరిగింది. వాములోని థైమాల్‌కు సూక్ష్మజీవులను అణచే గుణం ఉంది. అయితే పంటను బట్టి, నేలను బట్టి ఆ సారం మారిపోతుంది, ఒక షెడ్డులో పనిచేసింది ఇంకోదాంట్లో చేయకపోవచ్చు. అందుకే ‘హెర్బల్’ అని రాసిన డబ్బాలన్నిటినీ నమ్మి కొనమని నేను చెప్పను. బస్తా మీద ఏం కలిపారో తెలుగులో అచ్చువేయాలి, ముందు అది జరగనివ్వండి.

గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. చుట్టూ పది ఊళ్లలో ఈ ముద్ద వాడిన గేదెలకు, సూది వేసిన గేదెలకు రికార్డు రాసి, ఏ దశలో పనిచేసింది, ఎక్కడ చేయలేదు అన్నది తెలుగులో ప్రకటిస్తే మాలాంటి వాళ్లకు చేతిలో ఆధారం ఉంటుంది. పశుసంవర్ధక శాఖ వారు సూది వేసిన ప్రతిసారీ మందు పేరు, పాలు ఆపాల్సిన తేదీ చీటీ మీద రాసి రైతు చేతికి ఇప్పించాలి. ఆ చీటీ చూపించిన రైతుకు ఆ రోజుల పాల డబ్బులో సగమైనా డెయిరీలు చెల్లించాలి. ఈ సగం సంగతి తేలకుండా పరీక్ష పట్టీలు మాత్రం పంపితే, పట్టుబడిన రైతు పాలు మా దగ్గర మానేసి నేరుగా హోటలుకు పోస్తాడు.

ఇట్లు,
ఒక పాల కేంద్రం నిర్వాహకుడు,
చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా