కాలువలు కట్టేసిన రోజుల్లోనే కొత్తవాళ్లకు పోరంబోకు చూపించండి

సంపాదకులు గారికి నమస్కారం.

దాళ్వా (రెండో పంట) కోతలు ముగింపుకొచ్చాయి. ఇంకొన్నాళ్లలో ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా డెల్టాలో బోదెలు (పిల్లకాలువలు), డ్రెయిన్లు, ఊరచెరువుల అడుగు కంటికి కనిపించేది ఈ కొద్ది వారాలే. సచివాలయాల్లో, తహసీల్దారు కార్యాలయాల్లో, దేవస్థానాల్లో ప్రొబేషన్‌లో ఉన్న కొత్త ఉద్యోగులను వెంటబెట్టుకుని పోరంబోకు, అంటే ఉమ్మడి అవసరాలకు వదిలిన ప్రభుత్వ భూమి, చూపించాల్సింది ఇప్పుడే. చాలాచోట్ల అది జరగడం లేదు. ఛార్జి అప్పగింత అంటే బీరువా తాళం, ఒక లాగిన్, ఒక పాస్‌వర్డు. సంతకం మాత్రం చేయించుకుంటారు. ఆ సంతకంతో ఎన్ని ఎకరాల చెరువుకు, ఎన్ని లింకుల పుంతకు (పొలాల బండిదారికి) తాము జవాబుదారీ అయ్యారో ఆ పిల్లలకు తెలియదు.

మన దగ్గర ప్రభుత్వ భూమి అంటే ఒకేచోట పరుచుకున్న బంజరు కాదు. పొలాల మధ్య పుంత, పంట బోదె, మురుగు బోదె, కాలువ గట్టు, ఏటిగట్టు, ఊరచెరువు, శ్మశానం, మందబయలు (పశువులు నిలిపే చోటు), గోదావరి పాయల్లో లంకలు. అన్నీ సన్నగా, పొడుగ్గా, పదిమంది కమతాలను ఒరుసుకుంటూ పోతాయి. కాబట్టి ఎకరాలకు ఎకరాలు ఒక్కసారి పోవు, ఒక్కో పక్కనుంచి ఒక్కో అడుగు పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు మొట్టమొదట నేర్పాల్సింది ఏది ఎవరిదన్నది. కాలువ గట్టు జలవనరుల శాఖది. బళ్ల దారులు, కళ్లాలు, శ్మశానాలు, మందబయళ్లు, తోపుల పోరంబోకులు 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ కింద పంచాయతీకి దఖలు పడినవి. గుడి మాన్యం దేవదాయ శాఖదని అందరూ అంటారు గానీ అది దేవుడి ఆస్తి, శాఖ దాని సంరక్షణ మాత్రమే చూస్తుంది. ఈ తేడా తెలియకపోతే నోటీసు ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వరు, అధికారం లేనివాళ్లు ఇస్తారు. ఆ కాగితం కోర్టులో మొదటి వాయిదాకే వీగిపోతుంది.

లంకల సంగతి వేరు. గోదావరి ఒక ఒడ్డు కోసి ఇంకో ఒడ్డున మేట వేస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయిన వరదలాంటిది వస్తే కాగితం మీద ఉన్న లంక నది మీద ఉండదు. అక్కడ నీటిమట్టం 17.75 అడుగులు చేరి మూడో హెచ్చరిక పడిన ఏడాది హద్దులు తిరిగి కొలవకుండా లంక కౌలు కాగితం రాయకూడదు. కొలవకుండా రాస్తే కౌలుదారు లేని భూమికి సొమ్ము కడతాడు, లేదా పక్కవాడి మేటలో దిగుతాడు. రెండూ గొడవలే. పైగా లంక మీద ఏ కట్టడం లేవాలన్నా 1884 నాటి నదీ సంరక్షణ చట్టం అడ్డు ఉందన్న సంగతి కూడా కొత్తవాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ.

ఇక రికార్డు. ఆన్‌లైన్ అడంగల్ (ఊరి సాగు రికార్డు) తీసి పట్టాదారు గడిలో పేరు కనబడగానే ప్రైవేటు భూమని తేల్చేస్తున్నారు. మూలం అది కాదు. రైత్వారీ గ్రామమైతే ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) చూడాలి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కిందికి వచ్చిన పాత జమీందారీ గ్రామమైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడాలి. వర్గీకరణ గడిలో పోరంబోకు అని, రిమార్కుల్లో పుంత అనో బోదె అనో చెరువు అనో రాసి ఉంటుంది. దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతోంది. ఆర్‌ఎస్‌ఆర్‌లో పేరు ఉండాల్సినచోట చుక్కలు కనిపిస్తే చాలు, ప్రభుత్వ భూమి అని రాసేస్తున్నారు. ఆ చుక్కల భూములను తేల్చడానికే 2017లో ప్రత్యేకంగా చట్టం వచ్చింది. చుక్క అంటే ప్రభుత్వానిది అని కాదు, తేల్చకుండా వదిలినది అని. ఇందులో తొందరపడితే తరతరాలుగా సాగు చేసుకుంటున్న రైతు నష్టపోతాడు.

రీసర్వే అయిన గ్రామాల్లో మరో చిక్కు. పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబరు వచ్చింది. కోర్టు తీర్పులు, దేవదాయ శాఖ 43 రిజిస్టరు (గుడుల నమోదు పుస్తకం), పాత దస్తావేజులు అన్నీ పాత నంబర్లతోనే ఉంటాయి. ఏ పాత నంబరు ఏ కొత్త నంబరైందో చూపే పట్టీ దగ్గర పెట్టుకోకుండా ఒక్క కాగితం కూడా కదపకూడదు. ముఖ్యంగా రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో పాత నంబరు ఉండి కొత్తది ఎక్కకపోతే, ఆ చెరువు గట్టు మామూలు భూమిలా చేతులు మారిపోతుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ల చేత మొదటి నెలలో చేయించాల్సిన పని ఈ జాబితా సరిచూడటమే. కుర్చీలో కూర్చుని చేయగలిగిన పనుల్లో దీనికి మించిన లాభం ఉన్నది లేదు.

కొలత సంగతి కాస్త వివరంగా రాస్తున్నాం, ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది కాబట్టి. గొలుసు 66 అడుగులు, 100 లింకులు. లింకు అంటే 7.92 అంగుళాలు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఈ లెక్క నోటికి వస్తే పొలంలో నిలబడే విస్తీర్ణం చెప్పొచ్చు. ఒక పుంత వెడల్పు ఎఫ్‌ఎంబీలో (పొలం కొలతల పుస్తకంలో) 30 లింకులు ఉందనుకోండి. సుమారు 20 అడుగులు. ఒక పక్క రైతు గట్టు జరుపుకుంటూ జరుపుకుంటూ 6 లింకులు లోపలికి వచ్చాడు. నాలుగు అడుగులే, చూస్తే పెద్దగా అనిపించదు. పొడవు 500 లింకులైతే మూడు సెంట్లు పోయినట్టు, అంటే 145 గజాలు. రెండో పక్కా అంతే జరిగితే పుంతకు 12 అడుగులు మిగులుతుంది. ధాన్యం ట్రాక్టరు ఎదురొస్తే వరికోత యంత్రం తప్పుకునే చోటు ఉండదు. ఆ పుంత వెంట ఉన్న చివరి రైతులు పంట బయటికి తీసుకురావడానికి వేరేవాళ్ల చేలో దిగాలి.

ఆ 6 లింకులు పట్టుకోవాలంటే ఫోన్‌లో మ్యాపు పనికిరాదు. ఫోన్ జీపీఎస్ మీటర్ల కొద్దీ తప్పుతుంది, మనకు కావాల్సింది ఒక మీటరు పైచిలుకు తేడా. రోవర్ (ఉపగ్రహ సర్వే పరికరం) అయితే సెంటీమీటర్లలో చెబుతుంది గానీ కోనసీమ కొబ్బరితోటల్లో ఆకుల కింద దానికి ఉపగ్రహ సంకేతం సరిగా అందదు. స్థిరపడకుండా తీసుకున్న పాయింటు చూడటానికి అంకెలతో బాగానే ఉంటుంది, నమ్మితే మాత్రం మునుగుతాం. ఆరుబయట రెండు పాయింట్లు తీసుకుని అక్కడినుంచి టేపుతో లోపలికి కొలవాలి. ఏ పద్ధతైనా మొదలుపెట్టేది రాయి దగ్గర. ఇంటి గోడ దగ్గరో ఇప్పుడున్న గట్టు దగ్గరో మొదలుపెట్టకూడదు, అవే జరిగి ఉంటాయి. రెండు పాత రాళ్లు దొరికితే వాటి మధ్య దూరం ఎఫ్‌ఎంబీతో సరిపోయిందో చూసి, తర్వాత మూడో రాయితో సరిచూడాలి. రెండే చూసి ఊరుకుంటే, పీకి మళ్లీ పాతిన రాయిని పట్టుకుని ఊరంతా తప్పు కొలిచే ప్రమాదం ఉంది. ఎఫ్‌ఎంబీ లింకుల్లో ఉందో మీటర్లలో ఉందో ముందే చూసుకోవాలి. ఒక మీటరు దాదాపు 5 లింకులు. ఇది తారుమారై పుంత అయిదో వంతుకు కుదించుకుపోయిన స్కెచ్‌లు కూడా ఫైళ్లలోకి చేరుతున్నాయి.

సార్వా (తొలి పంట) నాట్లు పడ్డాక ఈ పనేదీ జరగదు. రాళ్లు బురదలో ఉంటాయి, డ్రెయిన్ గట్లు గుర్రపుడెక్కతో, తూడుతో కప్పుకుపోతాయి. కాలువ కట్టేశాక అడుగు చివరినుంచి గట్టు చివరి రాయిదాకా నడిచి కొలవొచ్చు. గట్టు మీద షెడ్డు వేస్తే పోయేది ఆ స్థలం ఒక్కటే కాదు, పూడిక తీసే యంత్రం నిలబడే చోటు కూడా. యంత్రం దిగని మేర పూడిక ఉండిపోతుంది, దిగువ రైతుకు నీరందదు, వానల్లో ఎగువ చేను మునుగుతుంది.

ఊరచెరువుల కౌలు విషయంలో మా అభిప్రాయం గట్టిగా చెప్పదలిచాం. చేపల పాట పెట్టేముందు కొలిచి రాయని చెరువును పాట పెట్టకూడదు. కౌలుదారు లోపలివైపు గట్టు చెక్కి నీటి విస్తీర్ణం పెంచుకుంటాడు. ఒక్కో కౌలుకు ఒక్కో అడుగు పోయినా పైనుంచి చూస్తే తెలియదు. అప్పగించిన రోజున ప్రతి నూరు అడుగులకు గట్టు పైవెడల్పు, లోపలి వాలు కొలిచి, ఫొటో తీసి, కౌలుదారు సంతకం చేయించాలి. తిరిగి తీసుకునే రోజున అవే చోట్ల మళ్లీ కొలవాలి. ఇది ఇద్దరు మనుషులకు ఒక పూట పని. ఈ కొలత లేకపోతే చెరువు తగ్గిందని ఎవరు చెప్పినా రుజువు ఉండదు. కౌలు చీటీలో ఉపకౌలు కుదరదని, మట్టి అమ్మకూడదని, ఉప్పునీరు పెట్టకూడదని, కోళ్ల వ్యర్థాలు మేతగా వేయకూడదని పేరుపేరునా రాయాలి. ‘షరతులు పాటించాలి’ అని ఒక్క వాక్యం రాస్తే అది ఏ షరతో ఎవరూ చెప్పలేరు.

వేలంపాటలో కొత్తవాళ్లు బోల్తాపడేది సర్కారు పాట (మన తరఫున ముందే కట్టే కనీస ధర) దగ్గర. పాటదారులంతా ముందే కూడబలుక్కుని వస్తారు, నిరుటికి నూరు రూపాయలు కలిపి ఆపేస్తారు. గత మూడేళ్ల పాటల సగటు, పక్క ఊరి చెరువుకు వచ్చిన ధర చూసుకుని సర్కారు పాట కట్టాలి. ఊరంతా టముకు వేయించాలి, పక్క ఊళ్లలోనూ. ధరావతు లేనివాళ్లను పాటలో నిలబెట్టకూడదు. సరైన ధర రాకపోతే వాయిదా వేసే ధైర్యం ఉండాలి, ఆ ధైర్యానికి పైఅధికారి అండ ఉండాలి.

పంచాయతీ షాపు గదుల్లో తప్పు ఇంకోలా జరుగుతుంది.  రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికి పదకొండు నెలల కాగితం రాస్తారు. గడువు తీరాక కూడా నెలనెలా అద్దె తీసుకుని మామూలు రశీదు ఇస్తే, ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం లీజు కొనసాగుతోందని అవతలివాళ్లు వాదిస్తారు. గడువు తర్వాత తీసుకునే సొమ్ముకు ‘హక్కులకు భంగం లేకుండా, అనుభవించినందుకు పరిహారం’ అని రశీదు రాయాలి. గది ఎవరి పేరున ఉంది, నడుపుతున్నది ఎవరు అన్నది కరెంటు బిల్లు పేరు, బయటి బోర్డు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఆక్రమణల తొలగింపునకు 1905 నాటి భూ ఆక్రమణల చట్టమే ఇప్పటికీ ఆధారం. 7వ సెక్షన్ కింద ముందు నోటీసు, ఆ తర్వాతే 6వ సెక్షన్ కింద తొలగింపు ఉత్తర్వు. నోటీసు జారీ చేయాల్సింది తహసీల్దారు స్థాయి అధికారి, వీఆర్వో గానీ పంచాయతీ కార్యదర్శి గానీ కాదు. సబ్‌డివిజన్‌తో సహా నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, జవాబుకు తగినంత గడువు ఉండాలి. జవాబు వస్తే దాన్ని చదివి, ఎందుకు ఒప్పుకోలేదో ఉత్తర్వులో రాయాలి. తలుపుకు అంటించి సాక్షుల సంతకం లేకుండా వచ్చేస్తే ఆ నోటీసు ఇవ్వనట్టే. ఏటా శివాయి జమా (అనుమతి లేని సాగు) కింద బి-మెమో (ఆక్రమణ నమోదు చేసి పన్ను వేసే చీటీ) ఇచ్చి పన్ను కట్టించడం కూడా మానకూడదు. ఆక్రమించినవాళ్లు ఆ రశీదును హక్కు పత్రంగా దాచుకుంటారు. నిజానికి అది సర్కారు భూమేనని వాళ్లే ఒప్పుకున్న కాగితం. ప్రభుత్వం మీద ప్రతికూల స్వాధీనం వాదించడానికి 30 ఏళ్లు కావాలి. ఏటా బి-మెమో పడుతూ ఉంటే ఆ వాదనలో బలం ఉండదు.

పంజాబ్‌లోని ఒక ఊరచెరువు కేసులో 2011 జనవరిలో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు తయారుచేయమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ప్రభుత్వమే లీజుకిచ్చినచోట మినహాయింపు ఉండొచ్చనీ అందులోనే ఉంది. ఏటిగట్టు మీద పాక వేసుకున్న కుటుంబాన్నీ, డ్రెయిన్‌ను కలిపేసుకుని ఆక్వా చెరువు తవ్వినవాళ్లనూ ఒకే గాటన కట్టడం అన్యాయం. మొదటివాళ్లకు ఇంటి స్థలం చూపించాకే కదిలించాలి. రెండోవాళ్లతో మొదలుపెట్టాలి. ఈ వరస కొత్త ఉద్యోగికి ఎవరో ఒకరు చెప్పాలి, ఎందుకంటే వాళ్ల మీద ఒత్తిడి ఎప్పుడూ దీనికి ఎదురుదిశలోనే వస్తుంది.

సామర్లకోటలో సర్వే శిక్షణ అకాడమీ ఉంది, పంచాయతీ కార్యదర్శులకు శిక్షణ ఇచ్చే కేంద్రమూ అక్కడే ఉంది. రెండూ డెల్టా అంచునే ఉన్నాయి. కాలువలు కట్టేసిన రోజుల్లో రెండు చోట్లవాళ్లనూ కలిపి, ఒక సర్వేయరు, ఒక కార్యదర్శి, ఒక వీఆర్వో చొప్పున జట్టు కట్టి, పాత సర్వేయరునో విశ్రాంత తహసీల్దారునో తోడిచ్చి ఊళ్లకు పంపాలని మా విన్నపం. ఆ వారాల్లో వాళ్లకు ఇంటింటి సర్వేలు, ఇతర డ్యూటీలు వేయకూడదు. పగలంతా వేలిముద్రలు తీయించుకుని సాయంత్రం నాలుగుకు గొలుసు లాగమంటే ఏ పిల్లలూ లాగలేరు.

ఛార్జి జాబితాను కాగితం మీద రాయించాలి. ప్రతి ప్రభుత్వ సర్వే నంబరుకు పాత, కొత్త నంబర్లు, ఆర్‌ఎస్‌ఆర్ వర్గీకరణ, విస్తీర్ణం, ఉండాల్సిన రాళ్లెన్ని, ఉన్నవెన్ని, ఆక్రమణ ఎన్ని సెంట్లు, బి-మెమో వేశారా, కౌలు గడువు ఎప్పుడు, కోర్టులో ఉంటే తర్వాతి వాయిదా ఎప్పుడు. అప్పగించేవాళ్లు, తీసుకునేవాళ్లు ఇద్దరూ ఆ నంబరు మీద నిలబడి సంతకం చేయాలి. ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) జూన్ 30తో ముగుస్తుంది. ఈ ఏడాది ఆ తేదీలోగా, మండలానికి కనీసం ఒక గ్రామంలోనైనా ఈ జాబితా పూర్తి చేయించాలని గోదావరి జిల్లాల కలెక్టర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

— ప్రభుత్వ భూముల రికార్డు, సర్వే పనుల్లో ఉద్యోగ విరమణ చేసిన కొందరం, అమలాపురం