అప్లై చేసినవన్నీ ఒక్కచోట

ఒరేయ్ మామా,

మొన్న రాత్రి ఫోన్‌లో "ఎక్కడెక్కడ అప్లై చేశానో నాకే గుర్తు లేదురా" అన్నావు కదా, ఆ మాట అప్పటి నుంచి నా మనసులోనే తిరుగుతోంది, అందుకే మెసేజ్ పెట్టి ఊరుకోకుండా ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా. నాదీ అదే పరిస్థితి. మార్చిలో రేణిగుంట నుంచి బస్సులో వస్తుంటే ఒక కంపెనీ హెచ్‌ఆర్ ఫోన్ చేసి "ఈ ఉద్యోగానికి ఎందుకు అప్లై చేశారు" అని అడిగింది. అది ఏ ఉద్యోగమో, వాళ్లకి ఏ రెజ్యూమే పంపానో ఒక్కటీ తట్టలేదు. రెండు నిమిషాల్లో పెట్టేసింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు.

ఎక్సెల్ షీట్ పెట్టుకోవచ్చు కదా అంటావు. పెట్టాను. పదిహేను రోజులు బాగానే నింపాను, తర్వాత వరసగా మూడు రిజెక్షన్లు వచ్చేసరికి ఆ షీట్ తెరవాలంటేనే భయమేసి వదిలేశాను. మనసు బాగాలేని రోజే కూర్చుని లెక్క రాసుకోవాలంటే ఎవరి వల్ల అవుతుంది చెప్పు?

అందుకే ఈ నెల ఒక చిన్న టూల్ రాసుకున్నా. సమాచారమంతా నా ల్యాప్‌టాప్‌లోనే ఒక ఎస్‌క్యూలైట్ ఫైల్‌లో ఉంటుంది, అంటే ఒకే ఫైల్‌గా ఉండే చిన్న డేటాబేస్. దాన్ని ఏఐ ఏజెంట్‌కి, అంటే మనం మాటల్లో చెప్పిన పనిని టూల్స్ వాడి చేసిపెట్టే ఏఐకి, కలపడానికి ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) వాడాను, ఏఐని బయటి టూల్స్‌కి కలిపేందుకు 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ వాళ్లు అందరికీ ఓపెన్‌గా ఇచ్చిన పద్ధతి అది, మన టూల్ వైపు ఉండే చిన్న ప్రోగ్రామ్ (దాన్నే సర్వర్ అంటారు) ఒక్కసారి రాస్తే ఆ పద్ధతి తెలిసిన ఏ అసిస్టెంట్‌తోనైనా పనిచేస్తుంది. ఇప్పుడు "చెన్నై వాళ్లు ఇందాక ఫోన్ చేశారు, గురువారం పదకొండింటికి రెండో రౌండ్" అని తెలుగులో చెబితే చాలు, అదే వెతికి సరైన అప్లికేషన్ కింద రాసేస్తుంది.

కానీ అసలు చెప్పాల్సింది ఇది. మొదట్లో నా మెయిళ్లు చదివి ఒక్కో అప్లికేషన్ స్టేటస్ మార్చే పని పూర్తిగా ఏజెంట్‌కే వదిలేశాను. ఒక కంపెనీ మెయిల్ "అన్‌ఫార్చునేట్లీ" అని మొదలైంది, ఇంటర్వ్యూ తీసుకునే ఆయనకి కుదరక శుక్రవారానికి మార్చారంతే, ఏజెంట్ మాత్రం దాన్ని రిజెక్ట్ అయినట్టు రాసేసింది. నేను ఆ మెయిల్ మళ్లీ తెరిచి చూశాను కాబట్టి సరిపోయింది, లేదంటే ఆ ఇంటర్వ్యూ పోయేది. ఆ రోజు నుంచి పద్ధతి మార్చేశాను. పాత స్టేటస్ మీద కొత్తది రాయడం లేదు, ప్రతి మార్పూ తేదీతో, మెయిల్‌లో ఏ వాక్యం చూసి మార్చిందో ఆ వాక్యంతో సహా కొత్త వరసగా చేరుతుంది. రిజెక్ట్, ఆఫర్ ఈ రెండూ నేను సరే అంటేనే ఎక్కుతాయి. ఈ కట్టుబాటు ఏజెంట్‌కి మాటల్లో చెప్పి వదిలేయకూడదురా, కోడ్‌లోనే పెట్టాలి, మాటల్లో చెప్పింది అది ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది.

మెయిల్ విషయంలో కూడా జాగ్రత్త. చదివే అనుమతి ఒక్కటే ఇవ్వు, పంపే అనుమతి వద్దే వద్దు. ఎవడో మెయిల్ లోపల ఏజెంట్‌కే ఆదేశాలు రాసి పంపవచ్చు, అది వాటిని నీ మాటలే అనుకుని చేసేయగలదు. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమనే మెయిల్ వస్తే "అనుమానం" అని గుర్తు పెట్టేలా కూడా చేశాను, మన ఊళ్లల్లో పిల్లలు అలా ఎంత పోగొట్టుకుంటున్నారో నీకు తెలుసు.

ఇంకొకటి, "జవాబు లేదు" అని ఒక స్టేటస్ పెట్టాను. ఇరవై ఒక్క రోజులు ఏ కదలికా లేకపోతే దానంతట అదే అందులోకి వెళ్లిపోతుంది. నాకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ఇదే. రోజూ పొద్దున లేచి ఆ పాత మెయిళ్ల కోసం చూసే అలవాటు పోయింది. నాన్న సాయంత్రం "ఏమైందిరా" అని అడిగితే ఇదివరకు లోపలికి వెళ్లిపోయేవాడిని, ఇప్పుడు పక్కన కూర్చుని ఏది ఎక్కడిదాకా వచ్చిందో చూపిస్తున్నా.

ఆదివారం పొద్దున్నే చిత్తూరులో బస్సెక్కి వచ్చేయి, నీ ల్యాప్‌టాప్‌లో కూడా పెట్టేద్దాం. వచ్చేలోపు జనవరి నుంచి నువ్వు పంపిన అప్లికేషన్ మెయిళ్లన్నీ ఒక లేబుల్ కిందకి చేర్చు, ఏ కంపెనీకి ఏ రెజ్యూమే పంపావో ఆ ఫైళ్లు కూడా తీసి పెట్టుకో. బైరాగిపట్టెడ దగ్గర దిగి ఫోన్ చెయ్యి, బండి మీద వస్తా.

నీ
మామ