గుడారమైతే చట్టం వర్తించదా?

సంపాదకులకు,

అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో, చలికి పేరుపడ్డ లంబసింగికి స్థానికుల నోట ఇంకో పేరుంది, కొర్రబయలు. రాత్రి బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు. ఇప్పుడు ఆ బయలులోనే పడుకోవడానికి జనం వేలకు వేలు పోస్తున్నారు.

గత డిసెంబరులో మేమూ పోశాం. నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కి, చింతపల్లి మండలంలో ఒక కొండవాలు మీద దిగాం. దీన్ని గ్లాంపింగ్ అంటున్నారు. మెత్తటి పరుపు, కరెంటు దీపం ఉన్న గుడారం అనుకోండి. ఒక పక్క అద్దంలాంటి ప్లాస్టిక్ గుమ్మటాలు, ఇంకో పక్క చెట్టు మీద గది, ఆ వెనక చక్రాలు ఊడదీసిన పాత బస్సులో రెండు మంచాలు. మా మనవడు బస్సే కావాలని మారాం చేశాడు కానీ, అది అప్పటికే ఎవరో తీసుకున్నారు. రాత్రికి 4,500 రూపాయలు కట్టి గుమ్మటంలో చేరాం. పడుకుని చూస్తే నక్షత్రాలు కనిపించిన మాట నిజం. తెల్లవారుజామున మా ఊపిరే పైకప్పుకు నీరై పట్టి, ముఖాల మీద చుక్కలు చుక్కలుగా రాలింది. మంచు కురుస్తోందని మనవడు సంబరపడ్డాడు. కాబట్టి ఈ సరదాకు నేను విరోధిని కాను.

నా పేచీ అంతా ‘తాత్కాలికం’ అనే ఒక్క మాటతో. ఆ రాత్రి పనికుర్రాడు చలికి ఆగలేమేమోనని కుంపటి నిండా నిప్పులు తెచ్చి గుమ్మటంలో పెట్టబోయాడు. మా ఆవిడ వాకిట్లోనే ఆపేసింది. జిప్పు బిగించిన గుడారంలో బొగ్గు రాజుకుంటే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లు మళ్లీ లేవకపోవచ్చు. మంటలార్పే సిలిండర్ ఎక్కడుందని నిర్వాహకుణ్ని అడిగితే, “ఇది బిల్డింగు కాదు కదండీ, తాత్కాలికం” అన్నాడు. పొద్దున లేచి చూస్తే మరుగుదొడ్డి వెనక నుంచి ఒక పీవీసీ గొట్టం తిన్నగా గెడ్డలోకి దిగి ఉంది. దాని దిగువనే ఒకామె బిందె ముంచుకుంటోంది. సెప్టిక్ ట్యాంకు సంగతి అడిగితే మళ్లీ అదే జవాబు. గుడారం తాత్కాలికమే కావచ్చు. రోజూ గెడ్డలో కలిసేది కూడా తాత్కాలికమేనా?

నేల విషయంలోనూ ఇదే తంతు. కుంపటి తెచ్చిన కుర్రాణ్ని మాటల్లో పెడితే, ఆ వాలు వాళ్ల పెదనాన్నదేనని చెప్పాడు. ఆయన ఇప్పుడు అక్కడే రాత్రి కాపలా కాస్తున్నాడట! ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయించడం 1/70 చట్టం ప్రకారం చెల్లదు. అమ్మకమే కాదు, కౌలు కూడా ఆ చట్టం దృష్టిలో బదలాయింపే. ప్రభుత్వం సైతం అక్కడి భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గుడారాన్ని ఇవాళ విప్పి రేపు ఎత్తుకుపోవచ్చన్న సాకుతో ఇదంతా గాలికి వదిలేయవచ్చా?

అలాగని అన్నిటినీ ఒకే గాటన కట్టడం లేదు. సొంత పొలం గట్టున నాలుగు టెంట్లు వేసి, పొద్దున్నే కాఫీ, మధ్యాహ్నం బొంగు చికెన్ అమ్ముకునే గిరిజన యువకులున్నారు. నన్నడిగితే అసలు పర్యాటకం అదే. కఠినంగా ఉండాలన్న పేరుతో అధికారులు ముందుగా వాళ్ల టెంట్లే పీకుతారేమోనన్నదే నా భయం. ఇలాంటి వాటిలో బలైపోయేది ఎప్పుడూ చిన్నవాళ్లే.

ఇతర రాష్ట్రాలను చూసైనా మేలుకోవాలి. కేరళలోని వయనాడ్ జిల్లా మేప్పాడిలో 2021 జనవరిలో ఒక రిసార్టు టెంట్ల దగ్గర పర్యాటకురాలిని ఏనుగు చంపింది. అనుమతులు లేని టెంట్ల మీద అధికారుల దృష్టి పడింది ఆ తర్వాతే. 2025 మేలో అదే మేప్పాడిలో కర్రలు, గడ్డితో కట్టిన విడిది కూలి ఒక యువతి చనిపోయింది. అదీ తాత్కాలిక కట్టడమే.

నేను కోరేది పెద్దదేమీ కాదు. డబ్బు తీసుకుని మనిషిని రాత్రి పడుకోబెట్టే ప్రతి చోటునూ, అది గుమ్మటమైనా బస్సయినా చెట్టు మీది గది అయినా, వసతి గృహంగానే లెక్కించాలి. గిరిజన ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం 1996 నుంచీ ఉంది కనుక గ్రామసభ తీర్మానం లేనిదే అనుమతి ఇవ్వకూడదు. భూమి ఎవరిదో, అనుమతి సంఖ్య ఎంతో గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాయించాలి. సెప్టిక్ ట్యాంకో బయో టాయిలెట్టో లేకుండా ఒక్క మంచం కూడా వేయనివ్వకూడదు. సొంత నేలలో చిన్నగా నడుపుకునే గిరిజనులకు ఆ మరుగుదొడ్డి ఖర్చులో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) సాయం చేస్తే బాగుంటుంది.

నవంబరు రాగానే ఘాట్ రోడ్డు మళ్లీ కార్లతో నిండిపోతుంది. ఈలోగా జిల్లా కేంద్రం పాడేరు నుంచి ఎవరైనా ఒక అధికారి ఆ వాలు ఎక్కి, ఆ గొట్టం వెంట చివరి దాకా నడిచి చూడాలని మనవి.

– ఒక పాఠకుడు, నర్సీపట్నం