ఫిర్యాదు: మీ ప్రీమియం సిఫార్సుల్లో ఎలర్జీ, వైన్, సంగీతం తప్పులు – సవరణ, చందా వాపసు కోరుతూ

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

ఆర్యా,

మేం మీ యాప్‌కు వార్షిక ప్రీమియం చందా కట్టినవాళ్లం, హైదరాబాద్‌లో ఉంటాం. మాలో హోటల్ కిచెన్లలో పనిచేసేవాళ్లు, బార్ చూసుకునేవాళ్లు, కచేరీలకు సౌండ్ చేసేవాళ్లు ఉన్నారు. సాయంత్రం ఎక్కడ తినాలి, దాంతో ఏ వైన్ తాగాలి, తింటూ ఏ సంగీతం వినాలి, ఈ మూడూ మా అభిరుచిని బట్టి చెబుతామన్నది ప్రీమియంలో మీరిచ్చిన మాట. సిఫార్సులు మాకు నచ్చలేదని రాస్తున్న ఉత్తరం కాదిది. నచ్చడం, నచ్చకపోవడం ఎవరిష్టం వాళ్లది. వీటిలో కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి, కొన్ని చట్టప్రకారం కుదరనివి, మిగతావి ఆ రంగంలో ఉన్న ఎవరినడిగినా తప్పని చెప్పేవి. మూడు విభాగాల్లోనూ తప్పు పుడుతున్న చోటు ఒకటే. వంటకం మీదో, సీసా మీదో, పాట మీదో ఉన్న ట్యాగు చూసి మీ సిస్టమ్ జత కలిపేస్తోంది. అందులో ఏం పడింది, ఎప్పుడు దొరుకుతుంది, ఎలా వడ్డిస్తారు అన్న సమాచారం దానికి ఎవరూ ఇచ్చినట్టు లేదు.

ముందు ఎలర్జీల సంగతి. ప్రొఫైల్‌లో పల్లీ ఎలర్జీ అని టిక్ పెట్టిన ఖాతాకు మీ యాప్ మిర్చీ కా సాలన్, బగారా బైంగన్ సూచించింది. వేయించిన పల్లీలు, నువ్వులు, కొబ్బరి కలిపి నూరిన ముద్దే ఆ రెండు కూరలకూ ఆధారం, అది లేకపోతే పులుసు చిక్కబడదు. వంటకం పేరులో పల్లీ అన్న మాట లేదు కాబట్టి మీ ఫిల్టర్ వాటిని వదిలేసింది. సాలన్ విడిగా ఆర్డర్ చేస్తేనే వచ్చేది కూడా కాదు. బిర్యానీ చెబితే చాలు, అడక్కుండానే పక్కన గిన్నెలో వస్తుంది. అందుకని హెచ్చరిక బిర్యానీ కార్డు మీద కూడా ఉండాలి.

గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ దగ్గరా ఇదే కథ. మీ 'గ్లూటెన్ ఫ్రీ' జాబితాలో హలీం ఉంది. హలీం అంటేనే గోధుమ, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించి మెత్తగా మెదిపేది. 'మాంసం వంటకాలు' అన్న ట్యాగు చూసి దాన్ని అందులో వేసినట్టున్నారు. సాంబారు, రసం విషయం ఇంత సూటిగా కనపడదు. పప్పులో, చింతపండులో గ్లూటెన్ లేదు, నిజమే. పోపులో పడే ఇంగువ సంగతేమిటి? బజార్లో దొరికే ఇంగువ పొడి చాలామటుకు అసలు ఇంగువ కొద్దిగా, మిగతాది మైదా, జిగురు కలిపి చేసినది. డబ్బా వెనక పదార్థాల వరసలో ఆ సంగతి రాసే ఉంటుంది. సీలియాక్ జబ్బున్న, అంటే గ్లూటెన్ అస్సలు పడని మనిషికి ఆ చిటికెడు చాలు. బియ్యప్పిండి కలిపిన ఇంగువే వాడతామని హోటల్ రాసిస్తే తప్ప సాంబారుకు ఆ ట్యాగు ఇవ్వకూడదు. 10 లేదా అంతకన్నా ఎక్కువ శాఖలున్న హోటళ్లు ఎలర్జీ కలిగించే పదార్థాల సమాచారం తెలపాలని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల్లో ఉంది. కనీసం వాళ్ల దగ్గరున్న సమాచారమైనా మీరు తెప్పించుకోలేదు. ఒంటిగా నడిచే చిన్న హోటళ్లకు ఈ నిబంధన లేదు కాబట్టి అక్కడ మీరే ఫోన్ చేసి అడగాలి. అడగలేకపోతే 'సమాచారం లేదు' అని పెట్టండి. ఆకుపచ్చ టిక్కు పెట్టడం కన్నా అది నయం.

ఇక వైన్. గోంగూర మటన్‌కు జోడీగా మీరు చూపించింది 14.5 శాతం ఆల్కహాల్ ఉన్న షిరాజ్ అనే రెడ్ వైన్, కింద 'రూమ్ టెంపరేచర్‌లో వడ్డించండి' అని సలహా. 'మటన్ అంటే రెడ్ వైన్' అన్న పాత లెక్కతో కుదిర్చిన జోడీ ఇది. ఆ కూరలో మాంసం రుచి కన్నా ముందుండేవి గోంగూర పులుపు, కారం. మిరప ఘాటును ఆల్కహాల్ ఇంకా రగిలిస్తుంది. కారం తగిలిన నాలుకకు షిరాజ్‌లోని టానిన్ (ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే పదార్థం) వగరుగా, చేదుగా తెలుస్తుంది. కూరలో ఉన్న పులుపుకు వైన్‌లోని పులుపు సరితూగకపోతే వైన్ చప్పగా అయిపోతుంది. అక్కడ పెట్టాల్సింది కాస్త తీపి మిగిలిన, పులుపున్న, ఆల్కహాల్ 12 శాతం దగ్గర ఉన్న వైట్. నాసిక్‌లో చేసే చెనిన్ బ్లాంక్‌లలో అలాంటివి సులువుగానే దొరుకుతాయి. రెడ్డే కావాలనుకునేవాళ్లకు టానిన్ తక్కువున్న తేలికరకం చెప్పి, 14 డిగ్రీల దాకా చల్లబరచమనాలి.

రూమ్ టెంపరేచర్ అన్న మాట చలిదేశాల ఇళ్లలో పుట్టింది. మే నెలలో ఏసీ లేని హైదరాబాద్ గదిలో అది 33, 34 డిగ్రీలు. ఆ వేడిలో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే పండు వాసన రాదు, స్పిరిటే కొడుతుంది. రెడ్‌కు 14 నుంచి 18 డిగ్రీలు, వైట్‌కు 8 నుంచి 10, బుడగలొచ్చే స్పార్క్‌లింగ్‌కు 6 నుంచి 8 అని అంకెలే రాయండి. గది వేడిలో ఉన్న రెడ్ సీసాను సగం ఐసు, సగం నీళ్లున్న బకెట్‌లో మెడదాకా ముంచితే పావుగంటలో తాగే స్థితికి వస్తుంది. ఉత్త ఐసుగడ్డల్లో గుచ్చితే మధ్యలో గాలి ఉండి ఆలస్యమవుతుంది. ఫ్రిజ్‌లో అయితే గంటన్నర పైనే పడుతుంది. ఎవరికైనా అక్కరకొచ్చే సలహా ఇది, మీ కార్డు మీద పట్టేంత చిన్నది కూడా.

సంవత్సరం లెక్క కూడా తలకిందులుగా ఉంది. మీ స్కోరింగ్‌లో పాత వింటేజ్‌కు, అంటే ద్రాక్ష కోసిన ఏడాది పాతదైన సీసాకు, ఎక్కువ మార్కులు పడుతున్నాయి. మన దేశంలో ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా. ఇక్కడి వైట్ వైన్లు సావిన్యాన్ బ్లాంక్, చెనిన్ బ్లాంక్ ఏడాది రెండేళ్లలో తాగేయాల్సినవి. నాలుగేళ్లు నిలవున్న చెనిన్‌ను 'పరిపక్వమైనది' అని పైన చూపిస్తే ఏం లాభం? పైగా ఆ సీసా ఎక్కడ నిలవుంది? దుకాణంలో ట్యూబులైటు కింద, ఎండాకాలమంతా నిటారుగా నిలబెట్టి ఉంటే లోపలి వైన్ ఉడికిపోయినట్టే. కార్క్ కొంచెం పైకి లేచినా, మెడ మీద జిగట చార కనిపించినా కొనొద్దని చెప్పాలి. గ్లాసు లెక్కన అమ్మే చోట సీసా ఎప్పుడు తెరిచారో అడగమనాలి. 750 మిల్లీలీటర్ల సీసాకు 150 చొప్పున 5 గ్లాసులే కాబట్టి బేరం బాగా సాగే చోట అదే రోజు అయిపోతుంది, సాగని చోట మూడోరోజుకి వాసన మారుతుంది.

మీ మ్యాప్‌లో 'దగ్గరలోని వైన్ స్టోర్లు' నొక్కితే వచ్చేవన్నీ వీధి చివర వైన్స్ షాపులు. మనవైపు వైన్స్ బోర్డున్న దుకాణంలో విస్కీ, బ్రాందీ, బీరు తప్ప వైన్ ఉంటే అదృష్టమని ఇక్కడ పుట్టిన ఎవరినడిగినా చెబుతారు. అక్టోబరు 2 రాత్రికి కూడా మీ యాప్ వైన్ సూచించింది. గాంధీ జయంతి నాడు డ్రై డే, మద్యం అమ్మరు. ఎన్నికలప్పుడు పోలింగ్ ముగిసే గంటకు ముందు 48 గంటలు అమ్మకం ఉండదు. ఇవి క్యాలెండర్‌లో ముందే పెట్టుకోగలిగిన తేదీలు. వయసు సంగతి ఇంతకన్నా పెద్దది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండాలి, మీ యాప్ మాత్రం 18 దాటితే వైన్ ట్యాబ్ తెరుస్తోంది.

హోటళ్ల ర్యాంకింగ్ గురించి ఒకటి రెండు మాటలే. డెలివరీ రేటింగులు, కూర్చుని తిన్నవాళ్ల రేటింగులు కలిపి సగటు తీస్తున్నారు. డెలివరీలో జనం మార్కులు వేసేది డబ్బా కారిందా, వేడిగా వచ్చిందా అని. ఆ మార్కులతో సాయంత్రం ఎక్కడ కూర్చోవాలో తేలదు. పదిమంది వేసిన 4.8 రేటింగు, వేలమంది వేసిన 4.3 కన్నా పైన కూర్చుంటోంది. మద్యం పెట్టని పాతబస్తీ హలీం హోటల్‌కు వైన్ జోడీ చూపించడం మరీ విడ్డూరం. హలీం రంజాన్ నెలలో మాత్రమే పెట్టే హోటళ్లను ఏడాది పొడుగునా చూపిస్తే అక్కడిదాకా వెళ్లినవాళ్లు ఉత్తచేతులతో తిరిగి రావాల్సిందే.

సంగీతం దగ్గరికొచ్చేసరికి, ఈ జాబితాలను విడుదలకు ముందు తెలిసినవాళ్లు ఒక్కరైనా విన్నారా అన్న అనుమానం వస్తోంది. తోడి రాగం నచ్చిందని చెబితే కర్ణాటక తోడి తర్వాత హిందుస్తానీ తోడి వస్తోంది. పేరొక్కటే, స్వరాలు వేరు. మన తోడి 72 మూల రాగాల (మేళకర్తల) వరసలో ఎనిమిదోది, హనుమతోడి. స్వరాల లెక్కన దానికి దగ్గరిది హిందుస్తానీ భైరవి. వాళ్ల తోడి స్వరాలేమో మన శుభపంతువరాళివి, మధ్యమం, నిషాదం మన తోడిలో కన్నా పై మెట్టువి (ప్రతి మధ్యమం, కాకలి నిషాదం). హిందోళం అడిగితే హిందోల్ ఇస్తున్నారు, ఇవ్వాల్సింది మాల్కౌంస్. శ్రీరాగానిదీ ఇదే తంతు. డేటాబేస్‌లో రాగం పక్కన 'పద్ధతి' అని ఇంకొక గడి పెట్టి కర్ణాటక, హిందుస్తానీ వేరుచేస్తే ఈ రకం తప్పులు చాలావరకు పోతాయి.

'ఆర్టిస్టు' గడి ఒక్కటే ఉండడం వల్ల ఇంకో వింత. 1847లో కాలం చేసిన త్యాగరాజస్వామి మీ యాప్‌లో ఈ వారం ట్రెండింగ్ గాయకుడు! రాసినవారు, పాడినవారు, పక్కవాద్యాలవారు, మూడూ వేర్వేరు గడులు కావాలి. పాలకొల్లు నుంచి వచ్చిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద వాయించిన కర్ణాటక కృతులు 'అమెరికన్ ఫోక్' కింద ఉన్నాయి, వాద్యం పేరు చూసి వేసినవే కదా.

ప్లేలిస్టు వరస ఇంకా ఘోరం. రాగం తానం పల్లవి అంటే ముందు రాగాలాపన, తర్వాత తానం, చివర పల్లవి. అది ఆల్బమ్‌లో మూడు ట్రాకులుగా ఉంటే, పాటల వరస కలిపేసే మీ షఫుల్, పల్లవిని ముందు, ఆలాపనను తర్వాత తెస్తోంది. సౌరాష్ట్రంలో మంగళం జాబితాలో రెండో పాట. కచేరీ చివర పాడేదాన్ని, మంచినీళ్లు బల్ల మీదికి రాకముందే వినిపిస్తున్నారు. ఐదున్నర శ్రుతిలో పాడే గాయని తర్వాత వెంటనే ఒకటి శ్రుతి గాయకుడు వస్తే రెండు తంబూరాలు చెవిలో కొట్టుకుంటాయి. ఒక పాట చివర, తర్వాతి పాట మొదలు కలిపి వినిపించే క్రాస్‌ఫేడ్ ముందే ఆన్ చేసి ఉండడంతో ఆ కొట్టుకోవడం కొన్ని సెకన్లపాటు నిజంగానే వినిపిస్తుంది. ఈ జాబితాలకు క్రాస్‌ఫేడ్ సున్నా చేయండి, ఒకే ఆల్బమ్ ట్రాకుల మధ్య ఖాళీ తీసేయండి, విడదీయకూడని ట్రాకులకు గుర్తు పెట్టండి. ఒక సాయంత్రం జాబితాలో శ్రుతి మార్పులు వీలైనంత తగ్గించండి.

అసలు మూలం మాత్రం మీరు 'ఇష్టం' కొలిచే తీరులో ఉంది. పాటను ఎంత శాతం విన్నారన్నదే కొలమానమని మీ సహాయం పేజీలో మీరే రాశారు. 45 నిమిషాల పల్లవిలో 25 నిమిషాలు విని భోజనానికి లేస్తే దాదాపు 56 శాతం, అంటే అయిష్టం. 3 నిమిషాల పాట పూర్తయితే నూటికి నూరు. ఈ లెక్క కొన్ని నెలలు నడిస్తే ఎవరి ఖాతా అయినా చిన్న పాటల గుట్టగా మారుతుంది, మారింది కూడా. విన్న నిమిషాలు లెక్కపెట్టండి. మొదటి 30 సెకన్లలో దాటేస్తే అయిష్టం అన్న నియమాన్ని ఆలాపనలకు ఎత్తేయండి. తంబూరా మీద మెల్లగా మొదలయ్యేదాన్ని ఆ గీటుతో కొలవకూడదు.

ఈ తప్పుల మధ్య తప్పకుండా పైన కనిపిస్తున్నవి కొన్ని ఉన్నాయి. అవే రెండు మూడు రెస్టారెంట్లు, ఒకే దిగుమతిదారు వైన్లు. ఏ ప్రొఫైల్‌తో వెతికినా వస్తున్నాయి, ఎలర్జీ మార్చినా, ఊరిచివరి పిన్‌కోడ్ పెట్టినా కదలడం లేదు. ఇవి డబ్బు తీసుకుని పెట్టినవైతే ఆ ముక్క కార్డు మీద రాయాలి. ప్రకటనను సిఫార్సులా చూపించడం 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ (వాడేవాళ్లను మభ్యపెట్టే యాప్ ఎత్తుగడల) మార్గదర్శకాల్లో నిషిద్ధం. ర్యాంకింగ్‌ను నిర్ణయించే ముఖ్యమైన అంశాలేమిటో, వాటికి ఎంతెంత ప్రాధాన్యమో తెలపాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు మార్కెట్‌ప్లేస్ సంస్థలకు చెబుతున్నాయి. మీ యాప్‌లో ఆ వివరణ ఎక్కడా లేదు.

మేం కోరేది ఇది. ఎలర్జీ ట్యాగులన్నీ వెంటనే ఆపేసి, హోటళ్ల నుంచి రాతపూర్వక ధ్రువీకరణ వచ్చినవాటికే తిరిగి పెట్టండి. ఇందుకు గడువు అడగొద్దు, ఈ ఒక్కదానికి ఆగలేం. వైన్ ట్యాబ్‌కు 21 ఏళ్ల తనిఖీ, డ్రై డే క్యాలెండర్ చేర్చండి. సంగీతం డేటాబేస్ సవరణకు ఎన్ని నెలలు పడుతుందో చెప్పండి, ఆ మేరకు ఆగుతాం. అందాకా ప్రీమియం చందాలో వాడుకోని కాలానికి తగ్గ మొత్తాన్ని కట్టిన ఖాతాకే తిప్పి పంపండి. కూపన్లు, పొడిగింపులు వద్దు.

ఆ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారమే ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో, పరిష్కారం నెలలోపు తెలియజేయాలి. అప్పటికీ జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు. తేదీతో తీసిన స్క్రీన్‌షాట్లు, చందా రసీదులు, తప్పు ట్యాగుల పట్టిక జతచేశాం. పట్టికలో రాగాల పేజీని ముందుగా మీ సంగీత విభాగానికి పంపండి. సరిచేయాల్సిన గడి ఏదో ప్రతి వరస పక్కనా రాసి ఉంది.

ఇట్లు,
ప్రీమియం చందాదారులు,
హైదరాబాద్