ఓడల కార్ఖానాల్లో మృతుల జాబితాలు మా జిల్లాకు రావాలి

సంపాదకులకు,

ఏ తిథిన పోయారో తెలియని పెద్దలకు మహాలయ అమావాస్య నాడు పిండం పెడతాం. గంజాం జిల్లా తెలుగు ఇళ్లలో అలాంటి పెద్దలు తక్కువ మంది కాదు. కలకత్తా రేవులకు, ఓడల మరమ్మతు కార్ఖానాలకు, 1983 తర్వాత గుజరాత్‌లోని అలంగ్‌లో ఓడలు విడగొట్టే పనికి వెళ్లి తిరిగిరాని వారు వీరిలో ఉన్నారు. మా తాతగారి అన్నగారు హుగ్లీ ఒడ్డున ఒక కార్ఖానాలో పరంజా మీద నుంచి పడి పోయారని ఊరివాళ్లు ఎవరో నెలల తర్వాత వచ్చి చెప్పారట. 1957లో ఆయన పంపిన మనియార్డరు కూపన్ ఇంకా మా ఇంట్లో ఉంది. పదిహేను రూపాయలు, అడుగున ఆవుకు తౌడు కొనమని ఒక్క మాట. అంతకు మించి ఆయన గురించిన కాగితం మా దగ్గర లేదు.

కానీ ప్రభుత్వం దగ్గర ఉండాలి. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం ప్రకారం మృతుడి పరిహారాన్ని యజమాని ఆ చట్టం కింది కమిషనర్ వద్ద జమ చేయాల్సి ఉండేది. కమిషనర్ మృతుడి వారసులను పిలిపించి పంచాల్సి ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టం కింద ఇన్‌స్పెక్టరుకు ప్రమాద సమాచారం వెళ్లాల్సి ఉండేది. పోలీసుల పంచనామా సరే సరి. చిక్కల్లా ఇవన్నీ ప్రాణం పోయిన చోటే ఉండిపోవడం. మరణ నమోదు కూడా అక్కడే. ఇక మా ఊరి రిజిస్టర్లు ఎన్ని తిరగేస్తే ఏం లాభం?

దాదన్ కూలీల, అంటే దళారుల దగ్గర ముందస్తు డబ్బు తీసుకుని దూర ప్రాంతాలకు పనికి వెళ్లేవారి, అవస్థలు చూసి ఒడిశా 1975లోనే ఒక చట్టం చేసింది. 1979లో పార్లమెంటు చేసిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం మరింత స్పష్టంగా ఉండేది: వలస కూలీ ప్రమాదంలో మరణిస్తే కాంట్రాక్టరు రెండు రాష్ట్రాల అధికారులకూ, దగ్గరి బంధువుకూ తెలపాల్సి ఉండేది. ఆ లెక్కన కాంట్రాక్టరు కింద అలంగ్ వెళ్లి చనిపోయిన గంజాం కూలీల వివరాలు ఒడిశా ప్రభుత్వానికీ చేరి ఉండాలి. చేరితే బయటపెట్టండి. చేరకపోతే ఎవరు ఎగ్గొట్టారో చెప్పండి.

ఒడిశా కార్మిక శాఖ బెంగాల్, గుజరాత్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలకు రాసి మరణ పరిహారం ఫైళ్ల జాబితాలు తెప్పించాలి. వాటిని సొంత జిల్లాల వారీగా విడదీసి, మా జిల్లా కేంద్రమైన ఛత్రపురం కలెక్టరేట్‌లో తెలుగు, ఒడియా రెండింటిలోనూ అందుబాటులో ఉంచాలి. అంతవరకు ఏ కార్యాలయమూ పాత ఫైళ్లను చెత్త కింద అమ్మకూడదు. మన ఇంటిపేరు ముందుంటుంది, ఒడియాలో చివర వస్తుంది. గుమాస్తా ఎలా రాసుకున్నాడో ఎవరికి తెలుసు? అందుకే పేరుతో పాటు తండ్రి పేరు, ఊరు, తాలూకా తప్పక ఉండాలి. 1936 వరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కనుక, పాత కాగితాల్లో మద్రాసు కూలీలుగా రాసిన వారిని కూడా వదలకుండా చూడాలి.

ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా