ఈస్టర్ ఇంటి అలంకరణ, కలంకారీ గుడ్డ: జమా ఖర్చుల వివరణ

సంఘ కుటుంబాలన్నిటికీ వందనాలు. 2026 ఏప్రిల్ 5న వచ్చిన ఈస్టర్‌కి అందరి ఇళ్ళలో ఒకే పూల గుడ్డ కనబడాలని తలపెట్టిన పని లెక్క ఇది. రసీదుల ఫైలు పాస్టరుగారి గదిలో ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ముందు జమ. 46 ఇళ్ళ వాళ్ళు ఇంటికి రూ. 600 చొప్పున రూ. 27,600 ఇచ్చారు. స్త్రీల సమాజం రూ. 4,000, పేరు చెప్పొద్దన్న ఒక పెద్దాయన రూ. 2,000 ఇచ్చారు. చేతిసంచులు అమ్మితే రూ. 3,150 వచ్చింది. కమిటీ ఐదుగురం తలా రూ. 384 వేసుకున్నది రూ. 1,920. మొత్తం రూ. 38,670. ఈ చివరి రెండు పద్దులూ ఎందుకొచ్చాయో చెప్పాలి, అది మా తప్పే.

లెంటు (ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస దినాలు) మొదట్లో ఒక కొట్టువాడు కలంకారీ అని చూపిస్తే మీటరు రూ. 160 లెక్కన 12 మీటర్లు తెచ్చేశాం. రూ. 1,920. తిప్పి చూస్తే వెనక వైపు తెల్లగా ఉంది. తడిపితే ఎరుపు నీళ్ళలోకి దిగింది. స్క్రీన్ ప్రింటు! వాడు వెనక్కి తీసుకోలేదు. స్త్రీల సమాజం వాళ్ళు కూలి అడక్కుండా ఆ గుడ్డతో 63 సంచులు కుట్టి, ఇది కలంకారీ కాదని చెప్పి మరీ, ఒక్కోటి రూ. 50కి అమ్మారు. మరి నష్టం తీరిపోయిందిగా, మీరెందుకు కట్టడం అని కొందరన్నారు. ఆ డబ్బు వాళ్ళ కష్టం. మా తొందరపాటు దాని చాటున దాగడం మాకు నచ్చలేదు.

తర్వాత బందరు దాకా బస్సు, అక్కణ్ణుంచి కలంకారీ అద్దే పెడనకి ఆటో. రెండు సార్లు తిరిగినందుకు రూ. 1,140. జీవవృక్షం, కొమ్మకొమ్మకీ పూలు ఉన్న అచ్చు ఎంచుకున్నాం. మీటరు రూ. 240, 70 మీటర్లు, 5 శాతం జీఎస్టీతో రూ. 17,640. ఖరీదు ఎక్కువన్నవాళ్ళు ఒక్కసారి ఆ పని చూడాలి. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద టేకు అచ్చులు ఒక్కో రంగుకి ఒక్కోటి గుద్దుతారు. నలుపు, బెల్లం నీళ్ళలో ఇనుపముక్కలు నానేసి తీసిన నీరు. ఎరుపు అచ్చుతో పడేది పటిక మాత్రమే, రంగునీళ్ళలో ఉడికించాక పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. అచ్చు అచ్చుకీ మధ్య ఎక్కడో వెంట్రుకంత ఎడం ఉంటుంది. మనిషి చెయ్యి అని చెప్పేది అదే. పాల వాసన రెండు ఉతుకుల దాకా ఉంటుంది, కంగారు పడకండి.

ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు పూల గుడ్డ తెప్పిద్దామని యౌవనస్తులు పట్టుబట్టిన మాట నిజమే. బందరు రేవు నుంచి వెళ్ళిన అద్దకపు గుడ్డల మోజు తట్టుకోలేక బ్రిటన్ పార్లమెంటు 1721లో నూలు అద్దకాల వాడకాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. వాళ్ళ పూల గుడ్డల వెనక ఉన్నది మన గుడ్డే అని చెప్పాక ఒప్పుకున్నారు.

ఇంటికి మీటరున్నర గుడ్డ పట్టింది: బల్ల మీద పరిచే గుడ్డ, గుమ్మానికి తోరణం, గుడ్ల బుట్టకి మూత. మిగిలిన ఒక్క మీటరు ప్రసంగ పీఠానికి వేశాం. లోపలి తెల్ల గుడ్డ 30 మీటర్లు రూ. 2,100, కుట్టుకూలి సెట్టుకి రూ. 120 చొప్పున రూ. 5,520, దారం, నాడా, లేసు రూ. 1,260, వెదురు పుల్లలు, అట్టలు రూ. 1,380, జిగురు, కుంచెలు రూ. 480.

గుడ్లు 8 ట్రేలు, రూ. 1,440. సొన ఊదేసి, డొల్ల మీద పూల ముక్కలు అతికించింది సండేస్కూలు పిల్లలు. 240లో పది పగిలాయి, ఇంటికి ఐదు సరిపోయాయి. ఆ సొనతో అందరికీ అట్లు వేశారు; లెంటులో గుడ్డు ముట్టని వాళ్ళు పప్పన్నంతో సరిపెట్టుకున్నారు, వాళ్ళకి క్షమాపణలు.

మొదట పోయిన గుడ్డతో కలిపి ఖర్చు రూ. 32,880. నిల్వ రూ. 5,790. ఇంటికి రూ. 125 చొప్పున వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక తిరిగి ఇస్తాం, సంతకం పెట్టి తీసుకోండి. మిగిలే 40 రూపాయలు కానుకల పెట్టెలో వేస్తాం.

అలంకరణ కమిటీ