యుద్ధకాలపు రేడియో కనికట్టు

సంపాదకులకు,

రేడియో కాలపు వినోదాల గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసం ఆసక్తికరంగా ఉంది. అయితే, చెవికే తప్ప కంటికి అందని మాధ్యమంలో ఇంద్రజాలానికి చోటే లేదని వ్యాసకర్త తేల్చేయడం సరికాదు. రెండో ప్రపంచయుద్ధం ముమ్మరంగా సాగుతున్న 1943లోనే ఇంద్రజాలికుడు జోసెఫ్ డన్నింజర్ అమెరికాలోని రేడియో ప్రసార సంస్థ బ్లూ నెట్‌వర్క్ ద్వారా, ఎదుటివారి మనసులోని మాట చెప్పే కార్యక్రమంతో శ్రోతలను కట్టిపడేశారు. టోపీలోంచి కుందేలును తీసి చూపడం రేడియోలో కుదరదు గానీ, స్టూడియోలో కూర్చున్న మనిషి తలచుకున్న పేరునో అంకెనో చెప్పి, అతని నోటితోనే ఔననిపించడానికి శ్రోతకు కళ్లతో పనిలేదు. తనకు లోపాయికారీగా సాయపడేవారు ఉన్నారని రుజువు చేస్తే 10,000 డాలర్లు ఇస్తానని కూడా ఆయన సవాలు విసిరారు.

రేడియోలో చాలాకాలం ఉద్యోగం చేసినవాడిగా చెబుతున్నాను, శ్రోతకు కళ్లు అనౌన్సరే. మనసులోని మాట చెప్పే మనిషి ఎదుట కాగితం లేదు, చెవికి ఫోను లేదు అని అనౌన్సర్ చెబితే వినేవారు నమ్మవలసిందే. యుద్ధవార్తలు వినిపించిన కేంద్రమే ఆ మాట చెబుతున్నప్పుడు ఇక అనుమానం ఎక్కడిది?

ఈ నమ్మకం ఎంత బలమైనదో పిడ్డింగ్టన్ దంపతుల కథలో కనిపిస్తుంది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వశమైనప్పుడు పట్టుబడిన ఆస్ట్రేలియా సైనికుడు సిడ్నీ పిడ్డింగ్టన్, అక్కడి చాంగీ యుద్ధఖైదీల శిబిరంలో తోటి బందీ రస్సెల్ బ్రాడన్‌తో కలిసి, అర్ధాకలితో రోజులు వెళ్లదీస్తున్న సహచరుల కాలక్షేపం కోసం టెలిపతీ (మాట, సైగ లేకుండా ఒకరి మనసులోనిది మరొకరు గ్రహించడం) ప్రదర్శన సాధన చేశారు. విడుదలయ్యాక భార్య లెస్లీతో కలిసి మొదట ఆస్ట్రేలియా రేడియోలోను, 1949లో బీబీసీలోను దానినే ప్రసారం చేశారు. ఒకసారి సిడ్నీ లండన్‌లోని స్టూడియోలో ఉండగా, లెస్లీని లండన్ టవర్ కోటలో కూర్చోబెట్టారు. కరెంటు ఉండదని ఎలక్ట్రీషియన్లు చెప్పిన సంగతి ఉన్న ఒక పొంతనలేని వాక్యాన్ని స్టూడియోలో ఎంపిక చేస్తే, అక్కడినుంచి ఆమె దానిని ఆగి ఆగి పలికింది. సిడ్నీకి నత్తి ఉండేది. అలాంటివారిని మైకు ముందు కూర్చోబెట్టడం మా రోజుల్లో ఊహకైనా అందని విషయం.

ఇంతవరకు ముచ్చటే. నాకు మింగుడుపడనిది పిడ్డింగ్టన్ దంపతులు కార్యక్రమాన్ని ముగించే తీరు. ఇది టెలిపతీయో కాదో నిర్ణేతలు మీరేనని ప్రతిసారీ శ్రోతలకే వదిలేసేవారు. యుద్ధంలో కొడుకు ఆచూకీ తెలియని తల్లి ఆ మాటను ఎలా అర్థం చేసుకుంటుంది? ఆత్మలను రప్పిస్తానన్న హెలెన్ డంకన్‌కు 1944లో లండన్ న్యాయస్థానం 1735 నాటి మంత్రవిద్యల చట్టం కింద 9 నెలల జైలుశిక్ష వేసిందంటే, అలాంటివారి చుట్టూ చేరిన జనం కొద్దిమంది కాదని తెలుస్తూనే ఉంది. ఆత్మలతో మాట్లాడతామని చెప్పుకునే దొంగ మీడియంల గుట్టు రట్టు చేయడంలో పేరుపొందిన డన్నింజర్ సైతం తన విద్య విషయంలో మాత్రం నమ్మేవారికి వివరణ అక్కర్లేదని, నమ్మనివారికి ఏ వివరణా చాలదని దాటవేసేవారు.

కిటుకు చెప్పకపోవడం ఇంద్రజాలికుడి వృత్తిధర్మం, దానిని తప్పుపట్టను. కానీ ఇది సాధనతో వచ్చిన కనికట్టేనన్న ఒక్క వాక్యం అనౌన్సర్ చేత చెప్పించడానికి ఆ ప్రసార సంస్థలకు అడ్డేమిటో మీ వ్యాసకర్త విచారించి ఉంటే బాగుండేది.

భవదీయుడు,
ఒక విశ్రాంత రేడియో ఉద్యోగి,
విజయవాడ